పప్పు ఇస్తే టీకాలు పూర్తవుతాయా? ప్రవర్తనా ప్రయోగాలను జిల్లాలో ఎలా వాడుకోవాలి

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. ఒడిశాలోని గుణుపురం ప్రాంతంలో 20 ఊళ్లలో నడిచే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్న మీరు, చాలామంది తల్లులు పిల్లలకు మొదటి టీకాలు వేయించి, తొమ్మిదో నెల టీకా దాకా రావడం లేదని గమనించారు. రాజస్థాన్‌లో టీకాకు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు ఇచ్చి మంచి ఫలితం సాధించారని చదివారు. అదే పథకాన్ని ఇక్కడ పెట్టమని జిల్లా యంత్రాంగానికి రాయవచ్చా, లేక ముందు మనమే ఒక ప్రయోగం చేయాలా, చేస్తే ఎన్ని ఊళ్లలో చేయాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. పప్పు పథకాన్ని ఇప్పుడే సిఫార్సు చేయకండి, ప్రయోగాన్ని కూడా ఇప్పుడే మొదలుపెట్టకండి. టీకాలు మధ్యలో ఆగిపోయిన పిల్లలు ఏ టీకా దగ్గర, ఏ కారణం వల్ల ఆగిపోయారో ఒక నెల రోజులు ఇంటింటికీ తిరిగి తెలుసుకోండి. ఆ కారణం తల్లిదండ్రుల ప్రవర్తనలో ఉంటే, అంటే వాయిదా వేయడం, మరిచిపోవడం, జ్వరం వస్తుందన్న భయం వంటివైతే, అప్పుడు ప్రయోగం చేయండి. కారణం దారిలోనో, జాబితాలోనో, టీకా వేసే మనిషి రాకపోవడంలోనో ఉంటే ఏ ప్రోత్సాహకమూ దానిని తీర్చలేదు. మరో చోట చేసిన ప్రయోగం నుంచి మనం తెచ్చుకోవలసింది దాని ఫలితాన్ని కాదు, అది ప్రశ్న వేసిన పద్ధతిని. నేను గజపతి, రాయగడ జిల్లాల్లో ఆరోగ్య, పోషకాహార సర్వేలలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రశ్నపత్రం పట్టుకొని ఇల్లిల్లూ తిరగడంతో మొదలుపెట్టి, తరువాత క్షేత్ర పర్యవేక్షణకు వచ్చాను. కింద రాసినదంతా ఆ అనుభవంతో రాస్తున్నాను.

మొదట మీరు చదివిన ప్రయోగాన్నే కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే పత్రికల్లో పప్పు గురించి వచ్చినంతగా మిగతా విషయం రాలేదు. అది ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఉదయపూర్ జిల్లాలోని 134 ఊళ్లలో చేసినది. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఊళ్లను మూడు గుంపులుగా విడదీశారు. 74 ఊళ్లలో కొత్తగా ఏమీ చేయలేదు. అక్కడ ఒకటి నుంచి మూడేళ్ల పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవారు 6 శాతం. మరో 30 ఊళ్లలో ప్రతి నెలా చెప్పిన తేదీకి తప్పకుండా టీకా శిబిరం పెట్టారు. అక్కడ 18 శాతం. ఇంకో 30 ఊళ్లలో అదే శిబిరానికి తోడు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక భోజనం పళ్లేలు ఇచ్చారు; అక్కడ 39 శాతం.

ఈ మూడు అంకెలను ఒక్కచోట పెట్టి చూడండి. పప్పు లేకుండానే, శిబిరం నమ్మకంగా జరగడం వల్లనే ఫలితం మూడు రెట్లయింది. ఆ ప్రాంతంలో అంతకుముందు చేసిన పరిశీలనలో ఆరోగ్య ఉపకేంద్రాల సిబ్బంది దాదాపు 45 శాతం సందర్భాల్లో విధుల్లో లేరని తేలింది. కాబట్టి పప్పు పనిచేసింది మూసి ఉన్న తలుపు ముందు కాదు, తెరిచిన తలుపు ముందు. ముందు సరఫరాను సరిచేసి, ఆపైన మిగిలిన బద్ధకాన్ని పప్పుతో గెలిచారు. పప్పు పెట్టిన చోట ఒక బిడ్డకు టీకాలన్నీ పూర్తి చేయడానికి అయిన సగటు ఖర్చు సుమారు 28 డాలర్లు, పప్పు లేని శిబిరాల్లో సుమారు 56 డాలర్లు. నర్సు జీతం, బండి ఖర్చు ఎలాగూ పెట్టాలి గనుక ఎక్కువమంది పిల్లలు వస్తే తలకు పడే ఖర్చు తగ్గింది. మీరు అధికారులతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క తప్పక చెప్పండి. దానం అని వారు కొట్టిపారేసేది నిజానికి పొదుపు కావచ్చు. కానీ ఆ పొదుపు శిబిరం నడిచినప్పుడే వస్తుంది.

ఇక మన ప్రాంతం సంగతి. కొన్నేళ్ల క్రితం పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో టీకాలు ఆగిపోయిన పిల్లల ఇళ్లకు వెళ్లే పని నాకు అప్పగించారు. ఆ పని పెట్టించినవారు తల్లులు నిర్లక్ష్యం చేస్తున్నారన్న నమ్మకంతో, గుర్తు చేసే సందేశాలను అప్పటికే తయారు చేసి ఉంచారు. మూడో రోజుకే నాకు ఆ నమ్మకం పోయింది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. మన తెలుగు ఇళ్లలో తొలి కాన్పు పుట్టింటనే జరుగుతుంది. ఆ పుట్టిల్లు చాలాసార్లు శ్రీకాకుళం జిల్లాలో ఉంటుంది. బిడ్డ పుట్టగానే వేసేవి, ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు అక్కడ వేయిస్తారు. ఆ తరువాత తల్లి బిడ్డతో అత్తవారింటికి వస్తుంది. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్త పుస్తకంలో ఈ బిడ్డ ఊరు విడిచి వెళ్లిన బిడ్డ. ఇక్కడి ఆశా దీదీ డ్యూ లిస్టులో, అంటే ఏ బిడ్డకు ఏ టీకా వేయాల్సి ఉందో రాసుకొనే జాబితాలో, ఈ బిడ్డ పేరే ఉండదు, ఎందుకంటే కాన్పు ఇక్కడ నమోదు కాలేదు. తొమ్మిదో నెల టీకా వచ్చేసరికి ఆ బిడ్డను పిలవవలసిన మనిషి రెండు రాష్ట్రాల్లోనూ లేదు.

దీనికి వ్యతిరేకమైనది కూడా చూశాను. ఇక్కడి లెక్కల్లో మానేసినట్లు ఉన్న పిల్లలు కొందరికి అవతల అన్ని టీకాలూ పడ్డాయి. తెలుగులో ఉన్న కార్డును ఇక్కడ ఎవరూ నమోదు చేసుకోలేదు. అటువంటి తల్లికి మీరు కిలో పప్పు ఇచ్చినా, ఫోనుకు సందేశం పంపినా ప్రయోజనం ఏమిటి? అక్కడ కావలసింది అత్తవారింటికి తిరిగివచ్చిన ప్రతి బాలింతను వారం లోపల డ్యూ లిస్టులో చేర్చే ఏర్పాటు, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఏఎన్‌ఎంలు (టీకాలు వేసే నర్సులు) ఒకరి ఫోన్ నంబరు మరొకరి దగ్గర ఉంచుకోవడం. ఇందులో ప్రవర్తనా ఆర్థికశాస్త్రం, అంటే మనుషులు నిర్ణయాలు నిజంగా ఎలా తీసుకుంటారో చూసే శాస్త్రం, ఏమీ లేదు, అయినా దీనిని ముందు చేయాలి. కనుక మీరు తిరిగే నెల రోజుల్లో ప్రతి బిడ్డ గురించీ మూడు సంగతులు రాసుకోండి: కాన్పు ఎక్కడ జరిగింది, చివరి టీకా ఏ ఊళ్లో పడింది, తరువాతి టీకాకు రమ్మని ఎవరు, ఏ భాషలో, ఏ రోజు చెప్పారు. కార్డు చూడకుండా నోటి మాట మీద రాసుకోవద్దు.

జాబితా లోపం, దారి లోపం తీసేశాక కూడా రాని ఇళ్లు మిగులుతాయి. ప్రయోగానికి తగినవి అవే. కొండ మీది సవర పల్లెల్లో నేను విన్న మాటల్లో ఎక్కువ భాగం వ్యతిరేకత కాదు. "ఈ బుధవారం జీడితోటలో పని ఉంది, వచ్చే నెల వెళ్తాం" అన్నారు. సూది వేసిన రాత్రి బిడ్డ ఏడిస్తే మర్నాడు కూలి పోతుందన్నారు. నష్టం ఈ రోజే, కళ్ల ముందే కనిపిస్తుంది. లాభం ఎప్పుడో, అదీ రాని జబ్బు రూపంలో. ఇటువంటి చోట ఈ రోజే చేతికి అందే చిన్న లాభం మనసును మార్చగలదని ఈ శాస్త్రం చెబుతుంది. ఉదయపూర్‌లో కూడా పప్పు లేని శిబిరాలకు మొదటి టీకా కోసం చాలామంది వచ్చారు; పప్పు ప్రభావం ప్రధానంగా వాళ్లు మళ్లీ మళ్లీ రావడంలో కనిపించింది. మీ సమస్య కూడా మళ్లీ రాకపోవడమే గనుక ఆ పోలిక మీకు పనికివస్తుంది. కానీ వస్తువు పప్పే కావాలని లేదు. పోడు మీద కందులు, ఉలవలు పండించుకొనే ఇంటికి కిలో పప్పు విలువ ఒకటి, కొనుక్కొని తినే ఇంటికి ఒకటి. ఏమి ఇస్తే ఒక పూట పని మానుకొని వస్తారని మీరు ఊహించడం కంటే సంతలో కూర్చొని వాళ్లనే అడగడం మేలు.

ఇంకొకటి. మన రాష్ట్రంలో ఇది ఖాళీ నేల కాదు. ఒడిశా ప్రభుత్వం 2011లో మమతా పథకం మొదలుపెట్టి గర్భిణులకు, బాలింతలకు ఐదు వేల రూపాయలు విడతలవారీగా ఇచ్చింది. ఆ విడతలకు పెట్టిన షరతుల్లో బిడ్డ టీకాలు కూడా ఉన్నాయి. అంటే టీకాకూ డబ్బుకూ సంబంధం ఉందన్న భావన ఊళ్లలో ఇప్పటికే ఉంది. దాని మీద మరో కానుక పెడితే రెండు ప్రమాదాలున్నాయి. బ్యాంకు ఖాతాలో ఆలస్యంగా పడే డబ్బు మీద ఉన్న అపనమ్మకం కొత్త కానుకకు అంటుకుంటుంది. కానుకను శిక్షగా వినే అవకాశమూ ఉంది: "టీకాకు వస్తే పప్పు ఇస్తాం" అని మనం చెప్పిన మాట నాలుగు ఇళ్లు దాటేసరికి "రాకపోతే రేషన్ ఆపుతారట" అని మారిపోవడం నేను స్వయంగా విన్నాను. అందుకే ఏమి ఇస్తున్నామో దానితో పాటు ఏది ఆగదో కూడా చెప్పాలి.

డబ్బు మనుషుల ఆలోచనను ఏ వైపు తిప్పుతుందో ముందుగా చెప్పడం కష్టమనడానికి ఇజ్రాయెల్‌లోని హైఫాలో చేసిన ప్రయోగం మంచి ఉదాహరణ. పది శిశు సంరక్షణ కేంద్రాల్లో ఆరింట, పిల్లలను ఆలస్యంగా తీసుకువెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు, దాదాపు రెట్టింపయ్యాయి. అంతవరకు టీచరును ఇబ్బంది పెడుతున్నామన్న సంకోచం ఉండేది. జరిమానా వచ్చాక అది ఒక సేవకు చెల్లించే ధరలా మారింది. జరిమానా తీసేశాక కూడా పాత సంకోచం తిరిగి రాలేదు. ఒకసారి చెడిన కట్టుబాటును వెనక్కి తేవడం కష్టం గనుక, మన ఊళ్లలో ఆశా దీదీ మీద గౌరవంతో వచ్చే ఇళ్లు ఎన్ని ఉన్నాయో తెలుసుకోకుండా కానుకలు పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఎన్ని ఊళ్లు అన్న ప్రశ్న. మీ సంస్థ వంటి సంస్థలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, కాబట్టి కాస్త లెక్క చేసి చూపిస్తాను. ఒక ఊళ్లో కానుక ఇచ్చి, పక్క వీధిలో ఇవ్వకుండా ప్రయోగం చేయలేం. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోతుంది. కాబట్టి ఊరినే ఒక యూనిట్‌గా తీసుకోవాలి. కానీ ఒకే ఊరి పిల్లలు ఒకరికొకరు పోలికగా ఉంటారు. ఒకే దారి, ఒకే ఆశా కార్యకర్త, ఒకే నమ్మకాలు. అందువల్ల 20 ఊళ్లలో ఊరికి 30 మంది చొప్పున 600 మంది పిల్లలను చూసినా మీకు 600 మంది సమాచారం దొరకదు. ఊరి లోపలి పోలికను కొలిచే సంఖ్య (పోలికే లేకపోతే సున్నా, అందరూ ఒకేలా ఉంటే ఒకటి) 0.05 అనుకుంటే, ఆ 600 మంది సుమారు 245 మందితో సమానం.

ఇప్పుడు, టీకాలు పూర్తయినవారు 50 శాతం నుంచి 60 శాతానికి పెరిగితే ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే, మామూలుగా వాడే ప్రమాణాల ప్రకారం ఒక్కో గుంపులో 385 మంది కావాలి. ఊరి లెక్కను కలిపితే ఒక్కో గుంపుకు 32 ఊళ్ల దాకా అవసరం. తేడా 50 నుంచి 52 శాతం మాత్రమే అయితే ఒక్కో గుంపుకు దాదాపు 800 ఊళ్లు కావాలి. మీ దగ్గర ఉన్నవి 20 ఊళ్లు. ఆ 20 ఊళ్లలో చేసి "ప్రభావం కనబడలేదు" అని రాస్తే, అది ప్రభావం లేదని అర్థం కాదు. చూడగల శక్తి మీ ప్రయోగానికి లేదని అర్థం.

ఈ చిన్న తేడాల సంగతి ఎందుకు ఎత్తానంటే, నడ్జ్ అని పిలిచే పద్ధతులు, అంటే నిర్బంధం, పెద్ద కానుక ఏదీ లేకుండా ఎంపిక ఎదురయ్యే తీరును మార్చేవి, ప్రభుత్వాల చేతిలో ఇచ్చే ఫలితం సాధారణంగా ఆ కొలతలోనే ఉంటుంది. స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ 2022లో ప్రచురించిన పరిశీలనలో అమెరికాలోని రెండు పెద్ద నడ్జ్ విభాగాలు చేసిన 126 ప్రయోగాలను తీసుకున్నారు. పరిశోధన పత్రికల్లో అచ్చయిన ప్రయోగాల సగటు ప్రభావం 8.7 శాతం పాయింట్లు కాగా, ఈ విభాగాల ప్రయోగాల సగటు 1.4 శాతం పాయింట్లు. తేడాకు ప్రధాన కారణం, అచ్చయ్యేవి ఎక్కువగా పెద్ద ఫలితం వచ్చిన చిన్న ప్రయోగాలు కావడం. 1.4 పాయింట్లు కూడా తక్కువేమీ కాదు, ఒక సందేశం పంపడానికి అయ్యే ఖర్చుతో పోల్చి చూస్తే. కానీ దానిని కొలవడం రాష్ట్ర స్థాయిలోనే సాధ్యం. కాబట్టి సందేశంలో మాట మార్చడం వంటి చిన్న మార్పులను మీ బ్లాకులో ప్రయోగించకండి. పెద్ద తేడా తేగలవని ఆశించదగిన మార్పులనే ఎంచుకోండి. శిబిరం సంత రోజున సంత దగ్గర పెట్టడం అటువంటి మార్పు అని నా అభిప్రాయం. నమ్మకమైన మనుషుల ద్వారా కబురు పంపడం మరొకటి.

ఆ రెండోదానికి హర్యానాలో చేసిన పెద్ద ప్రయోగం ఆధారం ఇస్తుంది. అక్కడ ఊరివాళ్లనే అడిగి, ఎవరికి చెబితే కబురు ఊరంతా పాకుతుందో ఆ మనుషులను గుర్తించి, టీకా రోజును వాళ్ల ద్వారా తెలియజేశారు. దానితో పాటు ఫోన్ సందేశాలు, పెరుగుతూ పోయే చిన్న కానుకలు కూడా పరీక్షించారు. మూడూ కలిపినప్పుడు టీకాలు 44 శాతం పెరిగాయి. ఖర్చు పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చినది మాత్రం కానుకలు లేకుండా ఆ మనుషులూ సందేశాలూ కలిసిన ఏర్పాటు. ఇది తెలిసిన తరువాత నేను ఊళ్లలో సర్పంచును అడగడం మానేసి, పెళ్లి కబురైనా చావు కబురైనా మొదట ఎవరి నోట విన్నారని అడగడం మొదలుపెట్టాను. చాలా చోట్ల చెప్పిన పేరు ఏ పదవీ లేని ఒక పెద్దామెది.

సందేశాల విషయంలో మన సరిహద్దుకు ప్రత్యేకమైన చిక్కు భాష. పర్లాకిమిడిలోనే ఉండి గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకొని, ఆ భాషకు నిఘంటువు రాసి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. ఆయన నడిచిన ఊళ్లలోనే ఇవాళ తెలుగు ఇంటికీ, సవర ఇంటికీ గ్రాంథిక ఒడియాలో ఒకే సందేశం వెళ్లడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. పైగా ఆ ఫోను చాలా ఇళ్లలో తల్లి చేతిలో ఉండదు. కూలికి కేరళకో, చెన్నైకో వెళ్లిన భర్త జేబులో ఉంటుంది. సందేశాన్ని పరీక్షించే తీరు సులువైనది: పదిమందికి వినిపించి, ఏమి అర్థమైందో వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమనండి. తిరిగి చెప్పిన మాటలే మీ తరువాతి సందేశానికి ముసాయిదా.

ఊళ్లను గుంపులుగా విడదీయడం గురించి ఒక సలహా. ఏ ఊరికి ముందు కానుక, ఏ ఊరికి తరువాత అన్నది బ్లాకు ఆఫీసులో కంప్యూటరుతో నిర్ణయించవచ్చు, కానీ వార్డు మెంబర్లు, ఆశా కార్యకర్తల ముందు చీటీలు తీయించడం మంచిది. ఎవరి ఊరి వంతు తరువాత వస్తుందో వాళ్ల చేతులతోనే తేలుతుంది గనుక తగాదా రాదు. వంతు తరువాత వచ్చే ఊళ్లకు సంవత్సరం తరువాత అదే ఏర్పాటు వస్తుందని రాసి ఇవ్వండి. ఏ గుంపులోనూ టీకా ఆగకూడదు. పోల్చేది అదనపు ఏర్పాటునే. నైతిక సమీక్ష సంఘం అనుమతి లేకుండా, తల్లులకు ఇది పరీక్ష అని చెప్పి వారి అంగీకారం తీసుకోకుండా మొదలుపెట్టవద్దు. చదువు రాని తల్లి వేలిముద్ర వేసినంత మాత్రాన అది అంగీకారం కాదు. వద్దనే హక్కు ఉందని ఆమె భాషలో చెప్పిన తరువాతి మాటే అంగీకారం.

ప్రయోగం గెలిచినా పథకం ఓడిపోవచ్చు. ఉదయపూర్ ప్రాంతంలోనే నర్సుల హాజరు మీద చేసిన మరో ప్రయోగంలో, ఆరోగ్య శాఖతో కలిసి హాజరును సమయంతో సహా నమోదు చేసే యంత్రాలు పెట్టి, రాకపోతే జీతం కోస్తామన్నారు. మొదట్లో హాజరు బాగా పెరిగింది. తరువాత, రాకపోయినా ఫరవాలేదని అధికారులు అనుమతించిన మినహాయింపు రోజులు పెరుగుతూ పోయి, పదహారు నెలలకు ఏ తేడా మిగలలేదు. అక్కడ ఓడినది నర్సుల మనస్తత్వం గురించిన సిద్ధాంతం కాదు, పై అధికారుల పట్టుదల. కాబట్టి మీ ప్రయోగంలో కానుకలు పంచేది మీ సంస్థ ఉద్యోగులైతే, ఫలితం మీ ఉద్యోగుల గురించే చెబుతుంది. రేపు ఆ పని ఎవరు చేయాలో, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ, వాళ్ల చేతనే మొదటి రోజు నుంచి చేయించండి. పప్పు నిల్వ, తూకం, పట్టీ రాయడం వల్ల వాళ్లకు పడే అదనపు శ్రమను గంటల్లో కొలవండి. మమతా దివస్ నాడు, అంటే ఊళ్లో తల్లీబిడ్డల ఆరోగ్య సేవలు అందించే రోజున, ఒక్క అంగన్‌వాడీ దీదీ ఎంత పని చేస్తుందో పక్కన కూర్చొని చూస్తే, ఆమె మీద మరో రిజిస్టరు మోపే ముందు మీరే ఆలోచిస్తారు.

చివరగా కాలం గురించి. మూడు నెలల్లో ఫలితం చూపమని అధికారులు అడుగుతారు. మీరు కొలవదలచినది తొమ్మిదో నెల టీకా అయినప్పుడు మూడు నెలల్లో తెలిసేది ఏమీ లేదు. ఒక నెలలో పుట్టిన పిల్లలందరినీ, కాన్పు నదికి ఏ ఒడ్డున జరిగినా సరే, జాబితాలో రాసుకొని, వాళ్లకు ఏడాది నిండేదాకా వెంటాడాలి. అందులో జీడి కాలం, పోడు కాలం, వలస కాలం అన్నీ వచ్చి వెళ్తాయి. వానాకాలంలో దారి తెగిన నెలలూ వస్తాయి. మీరు తిరగబోయే నెలలోనే పుట్టిన పిల్లలతో ఆ జాబితా మొదలుపెట్టవచ్చు. ప్రయోగం చేసినా చేయకపోయినా ఆ జాబితా ఆశా దీదీకి పనికివస్తుంది.